పంటకాపునకు తుపాకి: ఏ రకము, ఏ బోరు?

మన సంఘసభ్యులలో కొందరు కొంతకాలముగా మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. “పందులు చేలు పాడుచేయుచున్నవి. మంచి రైఫిలు ఒకటి కొనదలచితిమి. గడియ రైఫిలు మేలని విన్నాము. ఏ బోరు కొనవలెను? ఇంతవరకు మేము తుపాకి పట్టి యెరుగము” అని. ప్రశ్న చిన్నదే గాని దీనికి సమాధానము ఒక ముక్కలో చెప్పదగినది కాదు. బోరు పేరు చెప్పి ఊరకుంటిమేని అడిగిన రైతు సొమ్ము నష్టపోవచ్చును, చట్టమునకు చిక్కవచ్చును, అన్నిటికంటె మించి, పొరుగు పొలమున నీళ్లు కట్టుచున్న మనిషి ప్రాణమునకు ముప్పు రావచ్చును. కావున ఈ విషయమును మొదటినుండి క్రమముగా వివరించుచున్నాము. సభ్యులు తుదివరకు చదివి, ఆ తరువాతనే నిర్ణయము చేసికొందురు గాక.

మన తాలూకాలకు తుపాకి క్రొత్త కాదు. మిర్యాలగూడ, సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంతముల వృద్ధులకు బర్మారు తుపాకి పేరు తెలియును. జొన్నచేనిలో పిట్టలను తోలు వడిసెలయు, బర్మారును 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధ పోరాటమున ఆయుధములైన సంగతియు ఎల్లరు విన్నదే. కాని ఆనాటి మాట వేరు, నేటి పంటకాపు వేరు. నేడు తుపాకి ముట్టదలచిన రైతు మొట్టమొదట తెలిసికొనవలసినది చట్టము.

రెండు అనుమతులు

తుపాకి యుంచుకొనుటకు ఒక అనుమతి వలయును. దానితో జంతువును కొట్టుటకు వేరొక అనుమతి వలయును. మొదటిది యున్నంతమాత్రమున రెండవది వచ్చినదని తలచుటయే పెక్కుమంది చేయు పొరపాటు.

మొదటిదానికి మూలము 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము. దానిక్రింద నేడు అమలులో నున్నవి 2016వ సంవత్సరపు నియమములు. దరఖాస్తుదారునకు 21 సంవత్సరములు నిండియుండవలెను. పోలీసు విచారణ జరుగును. తుపాకిని జాగ్రత్తగా వాడు విధము నేర్చినట్లు శిక్షణపత్రము చూపవలెను. 2019లో చేసిన సవరణవలన లైసెన్సు గడువు మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. ఒకడు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గినది.

ఈ చట్టపు 13వ సెక్షనులో మన ప్రశ్నకు సూటిగా సంబంధించిన మాట యొకటి గలదు. నిజముగా పంటకాపు నిమిత్తమై అడుగువానికి మూతినుండి మందు దట్టించు తుపాకికి, అనగా మన బర్మారు వంటి దానికి, అనుమతి యిచ్చుట అందులో చెప్పబడినది. అది చాలదని అధికారికి తోచినచో, గొట్టము 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకికి అనుమతి యీయవచ్చును. రైఫిలు మాట ఆ వరుసలో లేదు. రైఫిలు కావలెనన్నవాడు తగిన కారణము చూపి అధికారిని ఒప్పింపవలసి యుండును. అనగా చట్టమే మన సభ్యుల ప్రశ్నకు సగము సమాధానము చెప్పుచున్నది: పంటకాపునకు ముందు నున్నని గొట్టము, ఆ తరువాతనే మరగాడుల గొట్టము. ఇది కేవలము ప్రభుత్వపు అనుమానము కాదు. దీనికి భూమికి సంబంధించిన కారణము గలదు. దానిని ముందు చెప్పెదము.

రెండవ అనుమతికి మూలము 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణ చట్టము. సరదాకై వేటాడుట ఈ చట్టముక్రింద నేడు నిషిద్ధము. 2022లో చేసిన సవరణవలన షెడ్యూళ్లు మారి, అడవిపంది ఇప్పుడు రెండవ షెడ్యూలున నున్నది. పంటకు హాని చేయు పందిని కొట్టుటకు 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని కారణములు వ్రాసి ఉత్తరువు చేయవలెను. ఆ ఉత్తరువు లేక కొట్టిన పంది పంటకాపు క్రిందికి రాదు, నేరము క్రిందికి వచ్చును. ఉత్తరువు ప్రకారము కొట్టిన పంది సైతము ప్రభుత్వపు సొత్తే; దానిని ఇంటికి తెచ్చి వండుకొనుట, అమ్ముట కూడదు. మీదపడిన జంతువునుండి ప్రాణము కాపాడుకొనుటకై సద్బుద్ధితో చంపినచో మాత్రము చట్టము మన్నించును.

ఇతర రాష్ట్రములలో ఏమి జరిగినదని సభ్యులడుగవచ్చును. కేంద్రప్రభుత్వము 2015, 2016 సంవత్సరములలో బీహారు, ఉత్తరాఖండములలోని కొన్ని జిల్లాలకు కొంతకాలము అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించెను. కేరళమున 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే పందిని కొట్టుటకు ఉత్తరువిచ్చు అధికారము నొసగిరి. మన ప్రాంతమున ఏ ఉత్తరువు ఏ షరతులతో అమలులో నున్నదో అటవీ రేంజి కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను. నోటిమాట చాలదు.

మన భూమి, పంది స్వభావము

1967లో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు వచ్చినది మొదలు మిర్యాలగూడ చుట్టును వరి పెరిగినది. కాలువ గట్లపైనను, పాడుపడిన కుంటలలోను, బంజరులలోను సర్కారు తుమ్మ కంప కమ్ముకొనినది. పగలు ఆ కంపలో పండుకొని, రాత్రి చేలలో మేయుట పందికి సుఖము. దామరచర్ల, వాడపల్లి వైపున కృష్ణ యొడ్డు పొదలును, పడమట దేవరకొండ వైపు అడవియు దానికి పుట్టిండ్లు. పందికి చూపు మందము, ముక్కు మిక్కిలి చురుకు. గాలి మననుండి దానివైపు వీచినచో మనము తుపాకి యెత్తకముందే అది వెడలిపోవును. నాలుగు నెలలలోపుననే ఈని, ఒక్క ఈతలో నాలుగు మొదలు ఎనిమిది పిల్లలను కనగలదు. కావున రెండు పందులను కొట్టినంతమాత్రమున మంద తగ్గునని ఆశించుట వృథా.

ఇక భూమి. మన ఆయకట్టు బల్లపరుపు. మడిలో నీరు నిలిచియుండును. ఇట్టి నేలపై గుండు మెల్లని వాలున తగిలినచో లోనికి దిగదు. చెరువుమీద విసరిన పెంకువలె పైకి లేచి మరల పోవును. పైగా మన చేలలో రాత్రి మనుష్యులు తిరుగుదురు. ఒకడు మోటారు చూడబోవును. ఒకడు మడవ త్రిప్పబోవును. ఒకడు కళ్లమున ధాన్యమునొద్ద పరుండును. చీకటిలో వంగి నడచు మనిషియు, పడుకొన్న దూడయు, పందియు ఒకే నల్లని ముద్దగా కనబడును. ఈ రెండు సంగతులును మనసున నుంచుకొని తుపాకుల రకములు చూతము.

బర్మారు, పండ్రెండు బోరు, రైఫిలు

బర్మారున మందు, గుండు మూతినుండి దట్టింపవలెను. ఒక్కసారి పేలిన తరువాత మరల సిద్ధము చేయుటకు వ్యవధి పట్టును. వానకు, మంచునకు మందు చెమ్మగిల్లి పేలకపోవచ్చును. ఎక్కువ దట్టించినచో గొట్టమే పగులవచ్చును. గాయపడిన పంది తిరుగబడినప్పుడు చేతిలో మిగులునది కర్రయే. వెల తక్కువ యన్నదొక్కటే దీని గుణము.

పండ్రెండు బోరు తుపాకి గొట్టము లోపల నున్నగా నుండును. బోరు సంఖ్యకు అర్థమేమన, ఒక పౌను సీసముతో సమానమైన పండ్రెండు గోళములు చేసినచో, అందొక గోళము సరిగా పట్టునంత వెడల్పు గల గొట్టమని. అది సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. తూటాలో సన్నని రవ్వలు మొదలు పెద్దగుండ్ల వరకు వేరువేరు రకములు వచ్చును. పందికి పనికివచ్చునవి పెద్దగుండ్లే, వానిలో ఎల్.జి. తూటాయందు సుమారు ఆరు, ఎస్.జి. తూటాయందు సుమారు తొమ్మిది గుండ్లుండును. గొట్టము వీడిన గుండ్లు ప్రతి గజమునకు సుమారు ఒక అంగుళము చొప్పున విచ్చుకొనును. 25 గజములవద్ద అవి చాలవరకు పంది శరీరము పైననే పడును. 40 గజములవద్ద 40 అంగుళముల వెడల్పున చెదరి, ఒకటి రెండు మాత్రమే తగిలి, పందిని గాయపరచి విడుచును. కావున పండ్రెండు బోరు 30 గజముల తుపాకి యని తెలియవలెను. ఇది లోపముగా తోచును గాని మన పొలములకు ఇదియే గుణము. ఏలన పెద్దగుండు సైతము ఏడెనిమిది వందల గజములలో శక్తి ఉడిగి నేల పడును.

రైఫిలు గొట్టము లోపల మరచుట్టు గాడులుండును. ఆ గాడులలో ఇరుకుకొని గుండు బొంగరమువలె తిరుగుచు పోవును. తిరుగు బొంగరము ఒరగనట్లే తిరుగు గుండును దారి తప్పదు. అందుచేత ఒకే గుండు దూరమునకు సూటిగా పోయి తగులును. అయితే తప్పిన గుండును అంత దూరము పోవును. చిన్నదని తలచు .22 గుండే మైలు దాటిపోగలదు. .315 గుండు రెండు మైళ్లు దాటగలదు. మిర్యాలగూడ ఆయకట్టున ఏ పొలమున నిలిచి చూచినను రెండు మైళ్లలోపల ఊరో, తండాయో, రోడ్డో, రైలు పట్టాయో లేని దిక్కు దొరకుట అరుదు. చట్టము పంటకాపునకు నున్నని గొట్టమునే ముందుంచుటకు మూలమైన లోకానుభవము ఇదియే యని మా తలంపు.

గడియ రైఫిలు అనగా నేమి?

అయినను కొండవాలున, అడవి అంచున పొలము గలవారు, 30 గజములలోనికి పంది రాని చోట్ల నున్నవారు రైఫిలు కోరుటలో తప్పు లేదు. అట్టివారికి గడియ రైఫిలు తగినదను మాట నిజమే. కారణము చెప్పెదము.

మన యింటి తలుపు గడియవంటి ఇనుప కడ్డీ యొకటి గొట్టము వెనుక నుండును. పిడి పైకెత్తి వెనుకకు లాగినచో పేలిన తూటా డొల్ల బయట పడును. క్రిందనున్న స్ప్రింగు మరియొక తూటాను పైకి నెట్టును. గడియను ముందుకు త్రోసినచో ఆ తూటా గొట్టములోనికి పోవును. పిడి క్రిందికి త్రిప్పినచో గడియకున్న మెట్టలు గూళ్లలో చిక్కుకొని, మందు పేలినపుడు వెనుకకు వచ్చు ఒత్తిడిని ఆపును. జర్మనీ దేశపు మౌజరు 1898లో నిలుకడ చేసిన పద్ధతిలో ఈ మెట్టలలో ముఖ్యమైనవి గడియ మొదట, గొట్టమునకు ఆనుకొని యుండును. మన దేశమున మిక్కిలి వాడుకలో నున్న లీ పద్ధతిలో అవి వెనుక నుండును; లాగుట తేలిక, త్వరితము. మితమైన ఒత్తిడి గల .315 తూటాకు లీ గడియ చక్కగా సరిపోవును.

క్రొత్తవానికి దీనివలన లాభములు మూడు. మొదటిది, ప్రతి తూటాకు చేయి కదిలించి గడియ లాగవలెను గాన తొందరపాటున వెంటవెంట పేల్చుట జరుగదు. రెండవది, గడియ తెరచిన తుపాకి ఖాళీగా నున్నదో లేదో కంటితో చూడవచ్చును. వ్రేలు పెట్టి తడిమియు తెలిసికొనవచ్చును. మూడవది, గడియను పూర్తిగా ఊడదీసి వేరొక పెట్టెలో తాళము వేయవచ్చును. గడియ లేని రైఫిలు పిల్లల చేతబడినను పేలదు.

ఏ బోరు?

మొదట, కొనరానివి. .303, సైన్యపు 7.62 మిల్లీమీటర్లు మొదలగు సైనిక తూటాల బోర్లు నిషిద్ధములు. ఎవడైన తక్కువ వెలకు తెచ్చి యిత్తునన్నను వినరాదు. .315 బోరు పుట్టుకకు కారణము ఈ నిషేధమే. బ్రిటీషువారి కాలమున సైనికుల .303 తూటా ప్రజల చేతికి రాకుండ చేసి, అదే లీ గడియతో వేరొక బోరున వేట రైఫిలు చేసిరి. ఆ తూటా ఆస్ట్రియా దేశపు పాత మాన్లిఖరు సైనిక తూటాకు దగ్గరి చుట్టము. తరువాత మన ప్రభుత్వపు ఆయుధ కర్మాగారములు, ముఖ్యముగా వంగదేశపు ఈషాపూరు రైఫిలు కర్మాగారము, ఈ రైఫిలును తయారుచేసినవి. 2021 అక్టోబరు 1వ తేదీన ఆ కర్మాగారముల పాత బోర్డు రద్దయి, ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడివడినది.

.22 బోరు: తూటా వెల తక్కువ, తన్ను లేదు, శబ్దము స్వల్పము. గుండు బరువు 40 గ్రెయిన్లు, అనగా పావు తులము లోపలనే. గురి నేర్చుకొనుటకు ఇంతకంటె మంచిది లేదు. కాని పందికి ఇది తగదు. పెద్ద పంది భుజముపై దట్టమైన తోలు కవచమువలె నుండును. .22 దెబ్బతో పంది అప్పుడే చావక, కంపలో దూరి, మరునాడు గడ్డి కోయవచ్చిన కూలిమనిషిపై తిరుగబడును. దీనితో పందిని కొట్టుట మృగమునకు హింస, మనుష్యునకు అపాయము.

.315 బోరు: గుండు 244 గ్రెయిన్లు, అనగా తులమున్నరకు కొంచెము తక్కువ. వేగము సెకనుకు సుమారు 2,000 అడుగులు. మెత్తని సీసపు మొన గల తూటా వాడినచో తగిలినచోట వెడల్పయి, జంతువు శరీరముననే పెక్కుపాలు శక్తి వదలును. నూరు గజములలోపల పందికి ఇది చాలినంత. రైఫిలు బరువుగా నుండుటచేత తన్ను ఓర్చుకొనదగినది. తూటా ఈ దేశముననే తయారగును గాన దొరకుటకు ఆస్కారమెక్కువ.

.30-06 బోరు: ఇది 1906లో అమెరికా సైన్యమున పుట్టినది, మన దేశమున నిషిద్ధము కాదు. దీని వేగము .315 కంటె చాల హెచ్చు. తన్ను, పేలుడు శబ్దము గూడ హెచ్చు. తన్నునకు జడిసి క్రొత్తవాడు కన్ను మూసి మీట లాగును; గురి తప్పును. కొండలలో 200 గజములకు మించి కాల్చువారికి ఇది గుణమే గాని పంటకాపు రైతుకు ఆ అవసరము లేదు. తూటా వెలయు ఎక్కువ.

కావున మా సలహా ఇది. ఆయకట్టు పల్లెలలో, ఇండ్లు దగ్గరగా నున్నచోట, పండ్రెండు బోరు. అడవి అంచున, వెనుక కొండ గాని ఎత్తైన మట్టికట్ట గాని యున్నచోట, తగిన కారణము చూపి అనుమతి పొందగలిగినచో, .315 గడియ రైఫిలు. తక్కినవి క్రొత్తవాని పంటకాపునకు అక్కర లేదు.

కొనుటకు ముందు చూడవలసినవి

లైసెన్సు చేతికి రాకముందు బయానా ఈయరాదు. అనుమతి గల దుకాణముననే కొనవలెను. పాతదానిని కొనునప్పుడు ఈ క్రింది సంగతులు చూడవలెను.

తుపాకి ఖాళీగా నున్నదని స్వయముగా చూచిన పిమ్మట గడియ తీసి, గొట్టమును వెలుతురు వైపు పట్టి లోపల చూడవలెను. గాడులు స్పష్టముగా మెరయవలెను. త్రుప్పు గుంటలు, గొట్టమున ఉబ్బు, మూతివద్ద నొక్కు ఉన్నచో కొనరాదు. గడియమీది సంఖ్యయు, రైఫిలు మీది సంఖ్యయు ఒకటిగా నుండవలెను. వేరొక తుపాకి గడియ తెచ్చి అమర్చినచో తూటా వెనుక ఖాళీ ఎక్కువై డొల్ల పగిలి ముఖమున కొట్టవచ్చును. భద్రపు మీట వేసి లాగినపుడు తుపాకి దిగరాదు.

కొయ్య పొడవు మనిషికి తగియుండవలెను. మోచేయి మడచి, కొయ్య మడమను మోచేతి మడతలో ఆనించినచో చూపుడువ్రేలు మీటకు సుళువుగా అందవలెను. మిక్కిలి పొడవైనది చొక్కాకు తట్టుకొనును. పొట్టిదానితో బొటనవ్రేలు ముక్కునకు కొట్టుకొనును. దూరదర్శిని అద్దమునకై డబ్బు వెచ్చింపనక్కర లేదు. 50 గజముల పనికి ఇనుప గురియే మేలు. ఆ డబ్బుతో తూటాలు కొని, అనుమతి పొందిన కాల్పుల మైదానమున అభ్యాసము చేయుట వెయ్యి రెట్లు లాభము.

గుండు ఎక్కడ ఆగును?

మీట లాగుటకు ముందు రైతు తన్ను తాను అడుగవలసినది “పందికి తగులునా?” అని కాదు, “తప్పినచో ఎక్కడ ఆగును?” అని. దీనికి మన పెద్దలిచ్చిన మంచెయే ఉత్తమ సాధనము.

లెక్క చూడుడు. పంది 30 గజముల దూరమున నున్నది. దాని భుజము నేలకు అడుగున్నర యెత్తున నున్నది. మంచెమీద కూర్చున్నవాని తుపాకి 15 అడుగుల యెత్తున నున్నచో, తప్పిన గుండు పందిని దాటి సుమారు 10 అడుగులలో, మంచి వాలున నేల తాకును. నేలపై నిలుచున్నవాని తుపాకి 5 అడుగుల యెత్తున నుండును. ఆ గుండు పందిని దాటి సుమారు 39 అడుగులు పోయి, అతి తక్కువ వాలున నేలను గాని నీటిని గాని తాకి, పెంకువలె ఎగురును. గట్టుప్రక్కన బోర్లపడి కాల్చువాని గుండు నేలకు సమముగా పోవును. అది ఎచట ఆగునో ఆ దేవునికే యెరుక. కావున ఎత్తునుండి దగ్గరకు కాల్చుట ఒక్కటే మన నేలకు తగిన పద్ధతి. కాలువ గట్టు తలమీద, ఆకాశము వెనుకగా నిలిచిన పందిపై ఎన్నడును కాల్చరాదు; గట్టు కవతల ఏమున్నదో కాల్చువానికి కనబడదు.

కదలికను చూచి, చప్పుడు విని కాల్చుట హత్యతో సమానము. లైటు వేసి, మృగమును పూర్తిగా గుర్తించిన పిమ్మటనే తుపాకి యెత్తవలెను. ఆ రాత్రి ఎవరెవరు పొలములలో నున్నారో సాయంకాలమే ఊరివారిని అడిగి యుండవలెను. గాయపడిన పందిని చీకటిలో కంపలోనికి వెంబడింపరాదు; తెల్లవారిన పిమ్మట అటవీ ఉద్యోగులకు తెలిపి, వారితో కలిసి వెదకవలెను. బెదరించుటకై రైఫిలును ఆకాశములోనికి పేల్చుట బొత్తిగా కూడదు. పైకి పోయిన గుండు క్రిందికి రాక తప్పదు.

తుపాకి ఇంటనుండగా

తుపాకి ఒక పెట్టెలో, గడియ ఇంకొక పెట్టెలో, తూటాలు మూడవ చోట తాళము వేసి యుంచవలెను. వానకాలమున వారమున కొకమారు తుడిచి పలుచగా నూనె పూయవలెను. త్రాగినవాడు తుపాకి ముట్టరాదు. పెండ్లిలో, ఊరేగింపులో సంబరమునకై పేల్చుట 2019 సవరణవలన స్పష్టముగా శిక్షార్హమైన నేరము. ఎన్నికలు వచ్చినపుడు తుపాకి ఠాణాలో జమ చేయుమని ఉత్తరువు రావచ్చును. అది సరిగా కంకి పాలుపోసుకొను వేళ కావచ్చును. అనగా తుపాకినే నమ్ముకొన్న రైతు పంట ఆ నెల దిక్కులేని దగును.

మరియొక మాట. “మనము సహకార సంఘము గదా, అందరము చందా వేసికొని ఒక తుపాకి కొని, వంతులవారీగా వాడుకొందము” అని కొందరు సభ్యులనిరి. ట్రాక్టరు విషయమున ఈ ఆలోచన మెచ్చదగినదే. తుపాకి విషయమున ఇది నేరమునకు త్రోవ. లైసెన్సు ఎవరి పేర నున్నదో వారి చేతనే అది యుండవలెను. సొంత తమ్ముడైనను, పాలేరైనను, పొరుగు రైతైనను లైసెన్సు లేక దానిని పొలమునకు కొనిపోయి కాల్చినచో, ఇచ్చినవాడును తీసికొన్నవాడును చిక్కుదురు.

సంఘము చేయదగినది

అయితే సంఘము చేయదగిన పని వేరొకటి గలదు. అది తుపాకి కంటె బలమైనది. ఒక ఎకరము చదరపు చేనికి చుట్టును కంచె వేయుటకు సుమారు 278 గజముల కంచె పట్టును. ఇరువదియైదు మంది రైతులు కలిసి 25 ఎకరముల చదరమునకు ఒకే కంచె వేసినచో మొత్తము సుమారు 1,391 గజములు. అనగా ఎకరమునకు 56 గజములు. ఖర్చు అయిదవవంతునకు దిగినది! సహకారమునకు ఇంతకంటె కంటికి కనబడు లాభమేమి గలదు?

సూర్యరశ్మితో నడచు కంచెలో బ్యాటరీనుండి క్షణకాలము మాత్రము విద్యుత్తు తీగలోనికి వచ్చి ఆగును. పంది ఉలికిపడి మరలును గాని చావదు. దీనికిని, కరెంటు స్తంభమునుండి నేరుగా తీగ లాగుటకును భూమ్యాకాశముల భేదము గలదు. నేరుగా లాగిన తీగ పందికంటె ముందు మనిషిని చంపుచున్నది. తన తీగకు తానే బలియైన రైతులున్నారు. ఇట్టి తీగ ఎచట కనబడినను సభ్యులు మొగమాటము లేక అడ్డుకొనవలెను.

రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమున పరిశోధించినవారు చెప్పిన సులభోపాయములును గలవు. వేరుసెనగ చుట్టు ముండ్ల కుసుమ వరుసలు, మొక్కజొన్న చుట్టు ఆముదపు వరుసలు దట్టముగా వేసినచో పందికి త్రోవ అడ్డమై, లోపలి పంట వాసన మరుగుపడును. కాలువ గట్టు, కుంట అంచుల సర్కారు తుమ్మ కంప నరికించినచో పందికి పగటి విడిది పోవును. ఈ పనులకు లైసెన్సు అక్కర లేదు, ఠాణాకు పోనక్కర లేదు, ఎవరి ప్రాణమునకు ముప్పు లేదు.

కావున మొదట కంప నరుకుడు. పిదప కంచె కట్టుడు. అంచు పంట వేయుడు. అప్పటికిని బెడద తీరనిచో అటవీ ఉద్యోగులకు అర్జీ పెట్టుడు. తుదకు తుపాకియే కావలెనన్నచో, పైన చెప్పిన వరుసలో, నేర్చుకొని, అనుమతితో కొనుడు. పోయిన పంట మరుసటి కారున మరల వచ్చును. పొరుగువాని ప్రాణము ఏ కారున వచ్చును? తుపాకి కొనదలచిన సభ్యులు లైసెన్సు దరఖాస్తుకు ముందు ఒకమారు సంఘ కార్యాలయమునకు వచ్చి, తమ పొలపు నక్షా చూపినచో, వెనుక ఏ ఊరున్నదో, ఏ గట్టున్నదో కలిసి చూచి, మాకు తోచిన సలహా చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.